వెంట వచ్చే స్మార్ట్ స్పీకరు: గుణదోషాల పరీక్ష

1954లో అమెరికాలో తొలి ట్రాన్సిస్టరు రేడియో విపణిలోనికి వచ్చింది. అంతవరకు చాలా ఇళ్లలో బల్లమీద పెట్టెగా కూర్చుండిన రేడియో నాటినుండి జేబులో ఇమిడి మనిషి వెంట నడవసాగింది. స్మార్ట్ స్పీకరు చరిత్ర కూడా ఇటువంటిదే. 2014లో అమెజాన్ సంస్థ వెలువరించిన ఎకో అనే పరికరం మాట విని పాట వినిపించేది; కాని దాని తీగ ఎప్పుడూ గోడలోని ప్లగ్గులో ఉండవలసిందే. 2019లో సోనోస్, బోస్ సంస్థలు బ్యాటరీతో కూడా నడిచే స్మార్ట్ స్పీకర్లను తెచ్చినవి. ఆ సంవత్సరం డిసెంబరులోనే అమెజాన్ మన దేశపు విపణికోసం 4,800 మిల్లీఆంపియర్-గంటల బ్యాటరీ గల ఎకోను విడుదల చేసింది.

ఇటువంటి పరికరాన్ని కొనేవారు ఒక్క పెట్టెనుండి రెండు పనులు ఆశిస్తారు. ఇంట్లో ఉన్నప్పుడు అది పిలిస్తే పలుకవలెను, గదినిండా పాట వినిపించవలెను. బయటికి వెళ్లినప్పుడు సంచిలో ఇమిడి వెంట రావలెను. ఈ రెండు పనులకు కావలసిన లక్షణాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఇంటికి పెద్ద పెట్టె మేలు. ప్రయాణానికి చిన్న పెట్టె మేలు. ఇంట్లో వై-ఫై ఉంటుంది; తోటలోనో, ఏటి ఒడ్డుననో ఉండదు. కనుక వెంట వచ్చే ప్రతి స్పీకరూ ఒక రాజీయే. ఆ రాజీ ఎక్కడ జరిగినదో కొనకముందే తెలుసుకొనడం మంచిది. అట్టపెట్టెమీద అచ్చువేసిన అంకెలు ఆ సంగతి పూర్తిగా చెప్పవు. కొద్దిపాటి ధ్వనిశాస్త్రం చెబుతుంది.

చిన్న పెట్టె, మంద్రస్వరం

నేటి స్పీకర్లలో చాలావరకు 1925లో రైస్, కెలాగ్ అనే అమెరికా ఇంజనీర్లు వివరించిన పద్ధతిలోనే పనిచేస్తున్నవి. ఒక అయస్కాంతపు సందులో సన్నని తీగచుట్ట ఉంటుంది. పాటకు అనుగుణంగా మారే విద్యుత్ప్రవాహం ఆ చుట్టలో పారినప్పుడు అది ముందుకు, వెనుకకు కదులుతుంది. చుట్టకు అతికించిన గరాటువంటి పొర గాలిని నెట్టి శబ్దతరంగాలను పుట్టిస్తుంది.

హెచ్చు స్వరాలకు ఈ కదలిక కొంచెం చాలును. మంద్రస్వరాలతోనే చిక్కు. సెకనుకు 100 కంపనాలు గల స్వరం కలిగించే శబ్దపీడనాన్నే 50 కంపనాల స్వరంతో కలిగించవలెనంటే, అదే పొర నాలుగు రెట్ల దూరం కదలవలెను. అరచేతి వెడల్పైనా లేని పొరకు అంత కదలిక కష్టం. పైగా చిన్న పెట్టెలో బంధింపబడిన గాలి గట్టి స్ప్రింగువలె పొరను వెనుకకు నెడుతుంది. అమెరికాలోని కె.ఎల్.హెచ్. స్పీకర్ల సంస్థ స్థాపకులలో ఒకరైన హాఫ్‌మన్ ఈ విషయాన్ని ఒక నియమంగా చెప్పినారు. పెట్టె చిన్నదిగా ఉండడం, మంద్రస్వరం లోతుగా పలకడం, కొద్ది విద్యుత్తుతో ఎక్కువ శబ్దం రావడం - ఈ మూడింటిలో రెండింటిని పొందవచ్చును, మూడవదానిని వదులుకొనవలసిందే.

ఇంజనీర్లు ఈ నియమాన్ని జయించలేరు. దానితో బేరం మాత్రం ఆడగలరు. అందుకు వారు ముఖ్యంగా మూడు ఉపాయాలు వాడుతారు. మొదటిది, తీగచుట్ట లేని మరొక పొరను పెట్టెకు అమర్చడం. లోపలి గాలి ఒత్తిడికే అది ఊగి మంద్రస్వరానికి సాయపడుతుంది. రెండవది, వినేవారి మెదడునే వాడుకొనడం. ఒక స్వరంలో 200, 300, 400 కంపనాల అనుస్వరాలు వినబడితే, అసలు 100 కంపనాల స్వరం లేకపోయినా ఉన్నట్లే మెదడు గ్రహిస్తుంది. మూడవది, శబ్దం పెంచినకొద్దీ మంద్రస్వరాన్ని లోపలి ప్రాసెసరుచేత తగ్గించడం. ఇది పొర చిరగకుండా, శబ్దం బొంగురుపోకుండా కాపాడుతుంది.

ఈ మూడవ ఉపాయాన్ని ఎవరైనా సులభంగా పట్టుకొనవచ్చును. బాగా ఎరిగిన ఒక కర్ణాటక కచేరీని మొదట తక్కువ శబ్దంలో వినవలెను. మృదంగంలో ఎడమచేతివైపు పలికే బరువైన నాదాన్ని గుర్తుంచుకొనవలెను. తరువాత శబ్దాన్ని బాగా పెంచవలెను. గాత్రం పెరిగి, మృదంగం మాత్రం పలుచబడి తప్పెట చప్పుడువలె మారితే, ఆ స్పీకరు శక్తి అక్కడితో సరి. ఇక హెచ్చు స్వరాల స్పష్టతకు వార్తలు చదివే గొంతును వినవచ్చును. స, శ, ష అనే అక్షరాలు విడివిడిగా, బుసకొట్టకుండా వినబడవలెను.

పెట్టె బరువు కూడా ఒక సాక్ష్యమే. 2019 నాటి సోనోస్ మూవ్ బరువు సుమారు 3 కిలోలు. అదే సంస్థ 2021లో తెచ్చిన రోమ్ బరువు సుమారు 430 గ్రాములు. రెండూ వెంట వచ్చేవే. కాని మొదటిది గదినుండి పెరటికి మోసుకొనిపోయేది. రెండవది ఊరికి తీసుకొనిపోయేది. ఒకదాని నాదాన్ని మరొకదానినుండి ఆశించరాదు.

వాట్లు చెప్పని సంగతి

కొనేవారిని ఎక్కువగా భ్రమింపజేసే అంకె వాట్లది. 10 వాట్ల స్పీకరుకంటె 20 వాట్లది రెండింతలు గట్టిగా వినబడుతుందనుకొనడం సహజం. కాని మన చెవి అట్లు లెక్కపెట్టదు. విద్యుచ్ఛక్తి రెండింతలైతే శబ్దం 3 డెసిబెల్‌లు మాత్రమే పెరుగుతుంది. అది కొద్దిపాటి తేడాగానే తెలుస్తుంది. రెండింతలు గట్టిగా అనిపించవలెనంటే సుమారు 10 డెసిబెల్‌లు, అనగా పది రెట్ల శక్తి కావలెను.

ఆ చిన్న తేడాకు కూడా మోసపుచ్చే గుణం ఉన్నది. రెండు స్పీకర్లను పక్కపక్కన వినిపిస్తే, కొంచెం గట్టిగా పలికేదే మంచిదని చాలామందికి తోస్తుంది. కాబట్టి అంగడిలో రెండింటిని పోల్చేటప్పుడు మొదట వాటి శబ్దాన్ని సమం చేసి, తరువాతనే గుణం ఎంచవలెను.

గది చేసే సాయం

నాలుగు గోడల మధ్య స్పీకరు ఒంటరిగా పలకదు. గోడలు, నేల, పైకప్పు శబ్దాన్ని తిరగగొట్టి సాయపడుతాయి. గది మూలలో పెడితే మంద్రస్వరం ఇంకా బలపడుతుంది. ఆరుబయట ఈ సాయం ఉండదు. అక్కడ దూరం రెండింతలైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఒక మీటరు దూరంలో వినబడే శబ్దం నాలుగు మీటర్ల దూరాన 12 డెసిబెల్‌లు పడిపోతుంది. ఆ నష్టం పూడ్చవలెనంటే సుమారు 16 రెట్ల శక్తి కావలెను. గదిలో దద్దరిల్లిన పెట్టె తోటలో నీరసించడానికి కారణం ఇదే. అది పెట్టె లోపం కాదు. సోనోస్ మూవ్ వంటి కొన్ని పరికరాలు తమ శబ్దాన్ని తామే మైక్రోఫోనుతో విని, చోటుకు తగినట్లు స్వరాల పాళ్లను సవరించుకొంటాయి. కాని లేని గోడలను అవి కట్టలేవు.

చెవులు గల పెట్టె

స్మార్ట్ స్పీకరులో సాధారణంగా ఒకటికంటె ఎక్కువ మైక్రోఫోనులుంటాయి. పక్కనుండి పిలిచిన మాట, 7 సెంటీమీటర్ల ఎడం గల రెండు మైక్రోఫోనులను సెకనులో సుమారు అయిదువేలవ వంతు తేడాతో చేరుతుంది. ఆ తేడానుబట్టి పిలుపు ఏ దిక్కునుండి వచ్చినదో పరికరం గ్రహిస్తుంది. తాను వినిపిస్తున్న పాట ఏదో తనకు తెలుసు గనుక, వినబడిన దానిలోనుండి ఆ పాటను తీసివేసి, మిగిలిన మనిషి మాటను పట్టుకొంటుంది. ఈ నేర్పును పరీక్షించవలెనంటే పంకా తిరుగుతుండగా, పాట మోగుతుండగా, మూడు మీటర్ల దూరంనుండి మామూలు గొంతుతో పిలువవలెను. తెలుగు పాటల పేర్లను, గాయకుల పేర్లను మన ఉచ్చారణతోనే పలికి చూడవలెను. మనదేశంలో అలెక్సా 2017లో ఆంగ్లంతో ప్రవేశించి, 2019లో హిందీ నేర్చింది. తెలుగు పేరును అది ఎంతవరకు గుర్తిస్తుందో పలికి చూస్తేనే తేలుతుంది.

పరికరం నిరంతరం కనిపెట్టుకొని ఉండేది మేలుకొలుపు మాటకోసం మాత్రమే. ఆ గుర్తింపు పెట్టెలోనే జరుగుతుంది. తరువాత పలికిన మాటలు చాలా పరికరాలలో ఇంటర్నెట్టు ద్వారా దూరాన ఉన్న కంప్యూటర్లకు చేరి, అక్కడ అర్థం చేసుకొనబడతాయి. దీనినుండి రెండు విషయాలు తేలుతున్నవి.

మొదటిది, ఇంటర్నెట్టు లేనిచోట తెలివి కూడా లేదు. బయటికి వెళ్లినప్పుడు చాలా స్మార్ట్ స్పీకర్లు ఫోనునుండి బ్లూటూత్ ద్వారా పాట అందుకొనే మామూలు స్పీకర్లుగా మారిపోతాయి. బ్లూటూత్ తరంగాలను మనిషి శరీరంలోని నీరు పీల్చుకొంటుంది. ఆరుబయట వాటిని తిరగగొట్టే గోడలు కూడా ఉండవు గనుక, ఫోను వెనుక జేబులో ఉన్నా పాట తెగిపోవచ్చును.

రెండవది, ఇంటి మాట ఇల్లు దాటుతుంది. స్మార్ట్ స్పీకర్లు, ఇతర మాటల సహాయకులు నమోదు చేసిన మాటలలో కొన్నింటిని సంస్థల మనుషులే వింటున్నారని 2019లో పత్రికలలో వెల్లడైంది. దాని మీదట అమెజాన్, గూగుల్, యాపిల్ సంస్థలు తమ పద్ధతులను సవరించుకొన్నవి. మేలుకొలుపు మాటను పోలిన మరొక మాట విని పరికరం పొరపాటున మేలుకొనడమూ కద్దు. కనుక మైక్రోఫోనును ఆపివేసే మీట ఉన్నదా, ఆపినట్లు దీపం తెలుపుతుందా, పాత నమోదులను చెరపవచ్చునా అనే ప్రశ్నలు నాదగుణం గురించిన ప్రశ్నలకంటె తక్కువైనవి కావు.

బ్యాటరీ లెక్క

పైన చెప్పిన 4,800 మిల్లీఆంపియర్-గంటల ఎకో సుమారు పది గంటలు పాడునని సంస్థ తెలిపింది. లిథియం-అయాన్ ఘటపు వోల్టేజి 3.7 అనుకొంటే, అందులోని శక్తి దాదాపు 18 వాట్-గంటలు. పది గంటలకు పంచితే గంటకు వచ్చేది 1.8 వాట్లే. అనగా ప్రకటనలోని గంటలు మితమైన శబ్దానికి చెప్పినవి. బాగా పెంచి వింటే అన్ని గంటలు రావు. లిథియం ఘటాలకు వేడి శత్రువు. వేసవిలో ఎండలో నిలిపిన కారులో ఇటువంటి పరికరాన్ని వదలరాదు. ఎప్పుడూ నిండుగా ఛార్జి చేసి ఉంచడం వలన కూడా ఘటం త్వరగా ముసలిదవుతుంది. బ్యాటరీ మార్చే వీలు ఉన్నదో లేదో కొనకముందే అడగవలెను. ఉంటే స్పీకరు ఆయుర్దాయం ఎంతో పెరుగుతుంది.

నీటికి, దుమ్ముకు గల తట్టుకొనే శక్తిని ఐపీ అనే అక్షరాల తరువాతి రెండు గుర్తులు తెలుపుతాయి. మొదటిది దుమ్ముకు, రెండవది నీటికి. తొలి అంకెకు బదులు ఎక్స్ ఉంటే దుమ్ము విషయం చెప్పలేదని అర్థం. ఐపీఎక్స్4 అంటే నీటి తుంపరలకు ఓర్చునని; ఐపీ67 అంటే దుమ్ము చొరదనీ, మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా చెడదనీ భావం. ఈ పరీక్షలు మంచినీటితో చేసినవి. సముద్రపు ఉప్పునీటికి ఇవి హామీ కావు.

ఎంచుకొనే విధానం

పరికరం ఎక్కువ కాలం ఎక్కడ ఉండబోతున్నదో కుటుంబం ముందుగా నిశ్చయించుకొనవలెను. పదిలో తొమ్మిది రోజులు నట్టింటనే ఉండేదైతే బరువు చూడక నాదాన్ని, వినికిడిని ఎంచవలెను. ఎక్కువగా ప్రయాణాలకైతే బరువును, ఐపీ గుర్తును, బ్యాటరీని ఎంచవలెను. అప్పుడు స్మార్ట్ అనే గుణానికి అదనపు ధర చెల్లించడం దండుగ కావచ్చును. ఇంటికి తెచ్చిన తరువాత, తిరిగి ఇచ్చే గడువు లోపల ఒక పూట వై-ఫైని ఆపివేసి స్పీకరును వాడి చూడవలెను. అప్పుడు దానిలో ఎంత మిగులునో అదే నిజముగా మన సొంతమైన భాగం. తక్కినది దూరాన ఉన్న కంప్యూటర్లనుండి అరువు తెచ్చుకొన్నది. వాటిని నడిపేవారు సేవ మానుకొన్ననాడు ఆ భాగం పోతుంది; తీగచుట్ట, అయస్కాంతం, పొర మాత్రం మనతో ఉంటాయి.