ఒకే పరుగు – వేర్వేరు శ్రమ

డ్రిల్లు మాస్టారు ఈల ఊదగానే తరగతి అంతా ఒకే వేగంతో పరుగు మొదలుపెడుతుంది. రెండు చుట్లు తిరిగేసరికి కొందరు కబుర్లు చెప్పుకుంటూనే ఉంటారు. కొందరికి ఊపిరి అందదు. వెనకబడిన వాణ్ణి బద్ధకస్తుడని వెక్కిరిస్తాం. నిజానికి అందరికంటే ఎక్కువ శ్రమ పడుతున్నది వాడే కావచ్చు! ఎలాగో చూద్దాం.

విశ్రాంతిగా ఉన్నప్పుడు పెద్దవారి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. ఒక్కొక్క స్పందనకు 70 మిల్లీలీటర్లు పంపే గుండె ఇందుకు 70 సార్లు కొట్టుకోవాలి. బాగా సాధన చేసిన క్రీడాకారుని గుండె ఒక్కసారికి 100 మిల్లీలీటర్లు పంపగలిగితే 50 స్పందనలే చాలు. పరుగులోనూ ఇంతే. వేగం ఒకటే అయినా సాధన లేని గుండె ఎక్కువసార్లు కొట్టుకుని, త్వరగా తన హద్దును చేరుతుంది.

కాబట్టి కలిసి చేసే వ్యాయామంలో సమానంగా ఉండవలసింది వేగం కాదు, శ్రమ. మరి శ్రమను కొలిచేదెలా? స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ ఇందుకొక కొలమానం తయారుచేశాడు. అందులో 6 అంటే శ్రమే లేదు. 20 అంటే ఇక ఏమాత్రం చేయలేని స్థితి. లెక్క 6తో మొదలవడమేమిటి అంటారా? ఆ అంకెను పదితో హెచ్చిస్తే యువకులలో గుండె వేగం ఉజ్జాయింపుగా వస్తుంది. ‘13’ అన్నవారి నాడి 130కి అటూ ఇటూగా ఉంటుందన్నమాట.

ఇంకా తేలిక పద్ధతి కూడా ఉంది. మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యరకం శ్రమ. రెండు మూడు మాటలకే ఆగి ఊపిరి పీల్చవలసివస్తే తీవ్రమైన శ్రమ.

మీరూ చేసి చూడండి. ‘10 చుట్లు’ అనుకోకుండా ‘10 నిమిషాలు’ అనుకోండి. అందరూ కలిసి మొదలుపెట్టి కలిసే ఆపండి. ఎవరి వేగం వారిది. దండీలు కొందరు నేలపై, కొందరు బల్లపై, కొందరు గోడకు చేతులానించి తీయవచ్చు. శరీరం ఎంత నిటారుగా ఉంటే చేతులపై బరువు అంత తక్కువ.

ఆపగానే మణికట్టు దగ్గర నాడిని 15 సెకన్లు లెక్కించి 4తో హెచ్చించండి. బొటనవేలితో చూడవద్దు, దానిలోనూ నాడి కొట్టుకుంటుంది, లెక్క తప్పుతుంది. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, పిల్లికూతలు ఉంటే వెంటనే ఆపి మాస్టారికి చెప్పండి.

వారం వారం ఆ అంకెను నోటుపుస్తకంలో రాసుకోండి. క్రమంగా సాధన చేస్తే, కొన్ని వారాలకు అదే వేగంతో పరుగెత్తినా నాడి తగ్గడం గమనిస్తారు. మీ గుండె బలపడుతోందని అదే సాక్ష్యం!