మూత్రపు రంగు చెప్పే మాట

అమీర్‌పేటలో బస్సు దిగి, పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో ఒక పల్లెటూరి విశ్వాసిని పరామర్శించాను. "మూత్రం ఎర్రగా వస్తోందని ఎవరితో చెప్పుకోను అయ్యగారూ? సిగ్గేసింది" అన్నారాయన. ఆ సిగ్గుతోనే ఆరు నెలలు గడిచిపోయాయి.

లేత పసుపు రంగు మంచిదే. ముదురు పసుపైతే ఒంట్లో నీరు తగ్గినట్లు. ఎండలో పొలం పనులకు వెళ్లేవారు నీళ్లు బాగా త్రాగాలి. త్రాగినా రంగు తగ్గక, కళ్లు పచ్చబడితే కామెర్లు కావచ్చు. పసరు మందులతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించండి. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారికి నారింజ రంగు వస్తుంది. భయపడి మందు మానవద్దు.

బీట్‌రూట్ తిన్నా ఎరుపు రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అదేమీ తినకుండానే ఎరుపు గాని, టీ డికాషన్ రంగు గాని కనిపిస్తే అది రక్తం కావచ్చు. ఒక్కసారి కనిపించి ఆగిపోయినా, నొప్పి లేకపోయినా డాక్టరుకు చూపించండి. మూత్రాశయపు కాన్సరు తరచు నొప్పి లేకుండానే మొదలవుతుంది. చుట్ట, బీడీ త్రాగేవారికి ఆ ప్రమాదం ఎక్కువ. షుగరు, బి.పి. ఉన్నవారు రంగు బాగున్నా ఏటా మూత్రపరీక్ష చేయించుకోవాలి.

మన దేహము దేవుని ఆలయము. ఆలయపు గోడ బీటలిస్తే దాచిపెట్టము గదా! ప్రార్థించండి, పరీక్షా చేయించండి. సిగ్గు విడిచి ఇంట్లోవారితో నేడే చెప్పండి.