కాపలా కుక్కను పెంచడం: రాట్‌వైలర్ జాతి ఒక ఉదాహరణ

లక్ష్యాలు
ఈ పాఠ్యాంశం చదివిన తరవాత మీరు:
• రాట్‌వైలర్‌కు కాపలా స్వభావం ఎలా వచ్చిందో వివరించగలుగుతారు.
• కుక్కపిల్ల తొలి వారాల ప్రాముఖ్యాన్ని చెప్పగలుగుతారు.
• యజమాని బాధ్యతలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం
'కుక్క ఉన్నది జాగ్రత్త' అన్న బోర్డును మీరు చాలా గేట్ల మీద చూసే ఉంటారు. అది వచ్చేవారికి హెచ్చరిక. ఇంట్లో ఉండేవారు తెలుసుకోవలసినది అంతకంటె ఎక్కువ. ఇలాంటి జాతి కుక్కకు కాపలా కాయడం మనం నేర్పనక్కరలేదు. ఎవరిని అనుమానించకూడదో నేర్పాలి. ఈ పాఠంలోని ముఖ్యాంశం ఇదే.

2. జాతి నేపథ్యం
జర్మనీ నైరుతి భాగంలో రాట్‌వైల్ అనే పాత పట్టణం ఉంది. అక్కడి కసాయివారు పశువులను తోలడానికి, బండ్లు లాగించడానికి ఈ కుక్కలను వాడేవారు. ఊరి పేరే జాతి పేరయింది. రైళ్లు వచ్చాక పశువులను దారి వెంట తోలే పని తగ్గింది, దానితో ఈ కుక్కల అవసరమూ తగ్గింది. 1910లో పోలీసు కుక్కగా గుర్తింపు రావడంతో జాతి మళ్లీ నిలదొక్కుకుంది.

మగకుక్క భుజం దగ్గర 61 నుంచి 68 సెంటీమీటర్ల ఎత్తు, సుమారు 50 కిలోల బరువు ఉంటుంది. ఎద్దుకు ఎదురు నిలిచే ధైర్యం, పట్టిన పని వదలని గుణం దాని రక్తంలోనే ఉన్నాయి. మీ ఇంటికి వచ్చే పిల్ల కూడా వాటితోనే వస్తుంది.

3. తొలి వారాలు
సుమారు 3 నుంచి 14 వారాల వయసును 'సామాజికీకరణ దశ' అంటారు. అమెరికన్ శాస్త్రవేత్తలు స్కాట్, ఫుల్లర్ 1965లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి దశలను వివరించారు. ఈ వయసులో చూసిన మనుషులు, విన్న శబ్దాలు కుక్కకు మామూలైపోతాయి. అప్పుడు ఎరగనివి తరవాత భయం పుట్టించవచ్చు. భయపడిన కుక్కే చాలాసార్లు మీద పడుతుంది.

అందువల్ల హెల్మెట్ పెట్టుకున్నవారిని, చేతికర్రతో నడిచే వృద్ధులను, అరుస్తూ ఆడుకునే పిల్లలను అది ప్రశాంతంగా చూడాలి. టీకాలు పూర్తికాకముందు వీధిలో దించకుండా, ఎత్తుకుని చూపించవచ్చు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మా రాట్‌వైలర్ పిల్లగా ఉన్నప్పుడు ఎవరు వచ్చినా దాన్ని గదిలో పెట్టి తలుపు వేసేవాణ్ణి. కొత్తవాళ్లకు అలవాటైతే కాపలా కాయదనుకున్నాను. రెండేళ్ల తరవాత, గ్యాస్ సిలిండర్ తెచ్చిన కుర్రవాడు గేటు తీయగానే మీదికి దూకింది. కరవలేదు కాని, కింద పడి అతని మణికట్టు విరిగింది. నెలన్నర పని పోయింది. వైద్యం ఖర్చు, ఆ జీతం నేనిచ్చాను. తప్పు కుక్కది కాదు, నాది.

4. గొలుసు, నడక
పగలంతా కట్టేసి ఉంచితే కుక్క బాగా కాపలా కాస్తుందని కొందరి నమ్మకం. కట్టేసిన కుక్క ముందుకు రాలేదు, తప్పుకోనూ లేదు. దానిలో చిరాకు, భయం పెరుగుతాయి. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

రోజుకు రెండుసార్లు నడిపించండి. నల్లని బొచ్చు కనుక మన ఎండల్లో తెల్లవారుజాము, పొద్దుగూకిన తరవాతి వేళలు మంచివి. పట్టీ పిల్లల చేతికి ఇవ్వకండి. చిన్నపిల్లల దగ్గర కుక్కను ఒంటరిగా వదలకండి.

5. యజమాని బాధ్యత
పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా జాగ్రత్త పడకపోతే, భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రేబిస్ టీకాలు పశువైద్యులు చెప్పిన గడువు ప్రకారం వేయించాలి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి.

6. సారాంశం
కాపలా గుణం జాతి నుంచి వస్తుంది. దానికి హద్దు యజమాని నుంచి రావాలి. ఆ హద్దు నేర్పే తీరిక లేనివారు ఈ జాతిని పెంచకపోవడమే మంచిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. సామాజికీకరణ దశ అంటే ఏమిటి?
2. మీ ఇంటికి వారంలో ఎవరెవరు వస్తారో జాబితా రాయండి. వారిలో ఎవరిని కుక్కపిల్లకు ముందుగా పరిచయం చేస్తారు? ఎందుకు?