నాలుగు అరచేతుల పట్టు

వారాంతపు ట్రాక్ సరదా కోసం టైర్లు, తేలికపాటి చక్రాలు కొనేవారు ట్రాక్ మీద తిరిగే వంద, నూటయాభై కిలోమీటర్లతో పాటు ఇంటికి తిరిగొచ్చే ఆరొందల కిలోమీటర్లనూ లెక్కలో వేసుకోవాలి

కారు ఆరు లక్షలదైనా అరవై లక్షలదైనా నేలను తాకేది నాలుగే చోట్ల. ఒక్కో చోటా ఇంచుమించు అరచేయంత. ఇంజన్ ఎంత శక్తి పుట్టించినా, బ్రేకులు ఎంత గట్టిగా పట్టినా, ఆ నాలుగు అరచేతుల రబ్బరు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే. రేస్ ట్రాక్ మీదకు సొంత కారు తీసుకెళ్లే వారాంతపు డ్రైవర్లకు మొదటి మలుపులోనే బోధపడే సత్యమిది. అయితే చాలామందికి బోధపడేసరికే డబ్బు వేరేచోట ఖర్చయిపోయి ఉంటుంది. ముందు తళతళలాడే అలాయ్ చక్రాలు, తర్వాత పెద్ద చప్పుడు చేసే సైలెన్సర్, ఏమైనా మిగిలితే టైర్లు. నిజానికి వరస తిరగబడాలి.

తెలుగువారికి ఈ సరదా దగ్గర్లో దొరికేది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా-ఈ పోటీ జరిగింది కానీ ఆ 2.8 కి.మీ. ట్రాక్ నగర వీధుల్లో తాత్కాలికంగా వేసిందే. పూర్తిస్థాయి సర్క్యూట్ కావాలంటే చెన్నై శివార్లలో శ్రీపెరుంబుదూర్ దగ్గరున్న ఇరుంగాట్టుకోట్టై వెళ్లాలి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడిపే ఆ 3.7 కి.మీ. ట్రాక్ 1990 నుంచి ఉంది. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే (2.1 కి.మీ.) ఇంకా దూరం. 2011 నుంచి 2013 వరకు ఫార్ములా వన్‌కు వేదికైన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ (5.1 కి.మీ.) మరీ దూరం. హైదరాబాద్ నుంచి నార్కట్‌పల్లి, అద్దంకి, నెల్లూరు మీదుగా చెన్నై చేరడానికే 600 కి.మీ. పైచిలుకు. రోజంతా ట్రాక్ మీద గడిపినా, ఇరవై నిమిషాల చొప్పున నాలుగైదు విడతల్లో తిరిగేది వంద, నూటయాభై కిలోమీటర్లకు మించదు. అంటే ట్రాక్ కోసం కొన్న టైర్లు దాదాపు పదింతల దూరం జాతీయ రహదారి మీదే దొర్లుతాయి. లారీల మధ్య, గతుకుల మీద, ఒక్కోసారి నెల్లూరు దాటాక కుండపోత వానలో.

చిన్న లెక్క, పెద్ద తేడా
తేలికపాటి చక్రాలతో కారు 'ఎగిరిపోతుంద'ని దుకాణదారులు చెబుతారు. లెక్క వేస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఒక్కో చక్రానికి 3 కిలోలు తగ్గాయనుకుందాం. మొత్తం 12 కిలోలు. చక్రం బరువును ముందుకు నెట్టడమే కాదు, గిరగిరా తిప్పాలి కూడా. కాబట్టి 16 అంగుళాల రిమ్ము అంచున ఉన్న కిలో బరువు, వేగం పుంజుకునేటప్పుడు సుమారు 1.4 కిలోల భారంతో సమానం. ఆ లెక్కన తగ్గిన 12 కిలోలు మహా అయితే 17 కిలోల పెట్టు. 1,100 కిలోల కారులో అది ఒకటిన్నర శాతం. వెనక సీట్లో చిన్న పిల్లాణ్ని దింపేసినంత తేడా.

ఇప్పుడు టైరు సంగతి చూద్దాం. రోడ్డుకూ టైరుకూ మధ్య ఘర్షణ గుణకం 0.8 ఉన్నప్పుడు గంటకు 100 కి.మీ. వేగంతో వెళ్తున్న కారు బ్రేకు వేసిన తర్వాత ఆగడానికి సుమారు 49 మీటర్లు కావాలి. అదే గుణకం 1.0 అయితే 39 మీటర్లు చాలు. అంటే రెండు కార్ల పొడవుకు మించి తేడా. మలుపులోనూ అంతే. మొదటి టైరుతో 80 కి.మీ. వేగం దగ్గర జారడం మొదలయ్యే కారు, రెండో టైరుతో దాదాపు 89 వరకు పట్టు నిలుపుకుంటుంది. ఒకవైపు ఒకటిన్నర శాతం, మరోవైపు పది శాతానికి పైగా. మొదటి రూపాయి దేనిమీద పెట్టాలో వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని తేలికపాటి చక్రం వృథా కాదు. చక్రం, టైరు, బ్రేకు డిస్కు స్ప్రింగుల కింద వేలాడే బరువు. అది తగ్గితే గతుకు తగిలి పైకి లేచిన చక్రం చప్పున కిందికి దిగి రోడ్డును పట్టుకుంటుంది. షాక్ అబ్సార్బర్ల మీద భారం తగ్గుతుంది. స్టీరింగ్ చురుగ్గా పలుకుతుంది. కాకపోతే మంచి టైర్లు వేయించుకున్నాకే ఆ లాభం చేతికి అందుతుంది.

టైరు మీది రాత
టైరు కొనేటప్పుడు కంపెనీ పేరుకన్నా దాని పక్కన అచ్చొత్తిన అంకెలే ఎక్కువ చెబుతాయి. ఉదాహరణకు 205/55 ఆర్16 91వి. 205 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, 16 అంగుళాల రిమ్ము. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోయగలదు. 'వి' అంటే గంటకు 240 కి.మీ. వరకు తట్టుకోగలదు. 'హెచ్' అయితే 210, 'డబ్ల్యూ' అయితే 270. ఈ రెండింటిలో ఏదీ కారు కంపెనీ సూచించినదానికన్నా తగ్గకూడదు.

మరో నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని అర్థం. రబ్బరుకు వయసు మీద పడితే గట్టిబడుతుంది. గాట్లు నిండుగా కనిపిస్తున్నా పట్టు పోతుంది. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చింది. దాంతో విదేశీ పత్రికల్లో చదివి మనసు పడ్డ టైరు మన సైజులో దొరక్కపోవచ్చు. ఎక్కడో మూలనున్న పాత సరుకును 'ఇంపోర్టెడ్' అంటూ అంటగట్టే అవకాశమూ లేకపోలేదు. ఆ నాలుగంకెలు చూడకుండా డబ్బు చెల్లించవద్దు.

ఇక ట్రెడ్‌వేర్ సంఖ్య. ఇది అమెరికా పద్ధతి. సంఖ్య పెరిగేకొద్దీ అరుగుదల తక్కువ. తగ్గేకొద్దీ రబ్బరు సాధారణంగా మెత్తన, పట్టు ఎక్కువ. పరీక్షలు కంపెనీలే చేసుకుంటాయి కాబట్టి ఒక కంపెనీ అంకెను మరో కంపెనీ అంకెతో పోల్చడం అంత నమ్మదగినది కాదు. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకు పనికొస్తుంది.

ఏ టైరు ఎవరికి?
స్థూలంగా మూడు రకాలున్నాయి. మొదటిది కారుతోపాటు వచ్చే మామూలు టైరు. మైలేజీ, మన్నిక దాని లక్ష్యాలు. ట్రాక్ మీద మూడు నాలుగు చుట్లు తిరిగేసరికి వేడెక్కి జారడం మొదలుపెడుతుంది. మొదటిసారి ట్రాక్ ఎక్కేవారికి నిజానికి అదే మంచి గురువు. తక్కువ వేగంలోనే కీచుమంటూ హెచ్చరిస్తుంది, తప్పులు దిద్దుకునే వ్యవధి ఇస్తుంది.

రెండోది మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 తరహా స్పోర్ట్స్ రోడ్డు టైరు. పొడి రోడ్డు మీద గట్టి పట్టు, వానలో నీటిని చిమ్మేసే లోతైన గాట్లు రెండూ ఉంటాయి. ట్రాక్‌కు సొంత కారు నడుపుకుంటూ వెళ్లి, అదే కారులో తిరిగొచ్చే తెలుగు డ్రైవర్లకు ఇదే సరైన ఎంపిక.

మూడోది సెమీ-స్లిక్. మిషెలిన్ కప్ 2, యొకొహమా ఎ052 ఈ కోవలోవే. గాట్లు తక్కువ, నేలను తాకే రబ్బరు ఎక్కువ. వేడెక్కితే అసాధారణమైన పట్టు ఇస్తాయి. కానీ నీళ్లు నిలిచిన రోడ్డు మీద టైరు నీటిపై తేలిపోయే ప్రమాదం ఎక్కువ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో చెన్నై దారిలో వాటిని నమ్ముకోవడం సాహసమే. అవి కావాలనుకునేవారు ఇంకో జత చక్రాలకు బిగించుకుని, ట్రాక్ దగ్గర మార్చుకుని, రోడ్డు టైర్లతో ఇల్లు చేరాలి. పట్టు పెరిగితే బ్రేకుల మీద వేడీ పెరుగుతుంది. కొత్త బ్రేక్ ఆయిల్, మంచి ప్యాడ్లు లేకుండా సెమీ-స్లిక్‌లు వేయడం ఒక సమస్యను తీర్చి ఇంకో సమస్యను తెచ్చుకోవడమే.

తేలికే, కానీ గట్టిదేనా?
జపాన్ కంపెనీ రేస్ 1996లో టీఈ37 అనే చక్రాన్ని తెచ్చింది. 15 అంగుళాల చక్రం బరువు 3.7 కిలోలు. పేరులోని 37 అదే. అంత తేలికైనా పేరు నిలబెట్టుకోవడానికి కారణం తయారీ పద్ధతి. దాన్ని పోత పోయరు. అల్యూమినియం దిమ్మను భారీ ఒత్తిడితో అదిమి మలుస్తారు. లోహం గట్టిపడుతుంది కాబట్టి పలచగా చేసినా తట్టుకుంటుంది. ఇది ఫోర్జింగ్. కరిగించిన లోహాన్ని అచ్చులో పోసేది క్యాస్టింగ్. మన రోడ్ల మీద తిరిగే అలాయ్ చక్రాల్లో అత్యధికం ఇవే. విశాఖపట్నంలోని సినర్జీస్ క్యాస్టింగ్స్ విదేశీ కార్లకు కూడా అలాంటివి పంపింది. రెండింటికీ మధ్యేమార్గం ఫ్లో ఫార్మింగ్. పోత పోసిన చక్రం అంచును వేడిమీద రోలర్లతో సాగదీస్తారు. ఫోర్జింగ్ అంత ఖరీదు కాదు, మామూలు పోతకన్నా తేలిక.

అసలు చిక్కు నకిలీలతోనే. పేరున్న డిజైన్‌ను పోలిన చక్రం సగానికి సగం ధరకు దొరుకుతుంది. చూపులకు తేడా ఉండదు. లోహం నాణ్యత, వేడిచేసి గట్టిపరిచిన తీరు కంటికి కనిపించవు. గంటకు 120 కి.మీ. వేగంలో మలుపు తిరుగుతుండగా పుల్ల విరిగితే తెలుస్తుంది. ఐఎస్ఐ గుర్తు, జపాన్ చక్రాలపై జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలు ఉన్నాయో లేదో చూడాలి. ఎంత బరువు మోయగలదో చక్రం వెనక రాసి ఉండాలి. పగిలి వెల్డింగ్ చేసిన అలాయ్‌ను ట్రాక్ మీదకు తీసుకెళ్లకూడదు. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడి ఉంటుంది.

సైజు విషయంలోనూ ఆశకు పోవద్దు. 15 అంగుళాల నుంచి 17కు వెళ్తే చక్రం, టైరు రెండూ సాధారణంగా బరువెక్కుతాయి. ట్రెడ్ దగ్గర చేరిన కిలో, కదలికలో దాదాపు రెండు కిలోల భారం. పక్క గోడ పలచబడి, హైవే గుంతలో పడ్డప్పుడు రిమ్ము వంగుతుంది. కాబట్టి పాత సైజులోనే, బ్రేకు క్యాలిపర్‌కు తగలనంత చిన్న చక్రం, మంచి టైరు ట్రాక్‌కు నయం. నట్ల మధ్య కొలత, ఆఫ్‌సెట్, హబ్ రంధ్రం సైజు కారుకు సరిపోవాలి. నట్లు కొత్త చక్రానికి తగినవే ఉండాలి. స్పానర్ మీద నిలబడి తొక్కకుండా కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూడాలి.

ఖర్చు లేని కిటుకు
ఎంత ఖరీదైన టైరైనా గాలి సరిగ్గా లేకపోతే దండగ. చల్లగా ఉన్నప్పుడు 32 పీఎస్ఐ పెట్టిన టైరు ట్రాక్ మీద 40 డిగ్రీలు వేడెక్కితే 38కి చేరుతుంది. టైరు ఉబ్బి మధ్యభాగమే నేలను తాకుతుంది. నైట్రోజన్ నింపిస్తే ఈ బాధ ఉండదనేది అపోహ. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. తేమ లేకపోవడం ఒక్కటే తేడా.

టైరు భుజం మీద సుద్దముక్కతో గీత గీసి రెండు మూడు చుట్లు తిరగండి. గీత మరీ కిందిదాకా చెరిగిపోయి పక్క గోడ ఒరుసుకుంటుంటే గాలి తక్కువ. గీత అసలు చెరగకపోతే ఎక్కువ. ప్రతి విడత తర్వాత కొలిచి, కొంచెం కొంచెం తగ్గించుకోవాలి.

ప్రమాదం పొంచి ఉండేది దీని తర్వాతే. వేడి మీద 32కు తగ్గించిన టైరు చల్లారాక 27 దగ్గరకు పడిపోతుంది. అలసిన శరీరంతో, సామాను నింపిన కారులో, ఆ గాలితోనే హైవే ఎక్కితే పక్క గోడలు నలిగి వేడెక్కి టైరు పేలవచ్చు. ట్రాక్ గేటు దాటే ముందు గాలి నింపుకోవాలి. గోడల మీద ఉబ్బులు, కోతలు ఉన్నాయేమో తడిమి చూడాలి. గాటు లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే రోడ్డు మీద ఆ టైరు చట్టరీత్యా చెల్లదు. వానాకాలంలో అంతవరకూ ఆగడం కూడా మంచిది కాదు.

బీమా పత్రం కూడా ఒకసారి చదవాలి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లలో జరిగిన నష్టానికి సాధారణ మోటార్ పాలసీ వర్తించదు. ట్రాక్ మీద కారు గోడకు గుద్దితే ఖర్చు సొంత జేబులోంచే. అయినా ట్రాకే మేలు. అక్కడ అందరూ ఒకే దిశలో వెళ్తారు, మార్షల్స్ జెండాలు ఊపుతారు, అంబులెన్స్ ఆవరణలోనే ఉంటుంది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి ఇదే పని చేస్తే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మూడు నెలల దాకా జైలు లేదా అయిదు వేల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అన్నిటికీ మించి, ఏ పాపం ఎరుగని ఎదుటివాడి ప్రాణం పోవచ్చు.

కాబట్టి డబ్బు ఖర్చుపెట్టే వరస ఇదీ: మొదట మంచి రోడ్డు స్పోర్ట్స్ టైర్లు, తర్వాత బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, ఆపైన ట్రాక్ ఫీజు, శిక్షణ. వీటన్నిటి తర్వాత డబ్బు మిగిలితేనే నమ్మకమైన తేలికపాటి చక్రాలు. గాలి చూసుకునే గేజి మాత్రం మొదటి రోజే కొనాలి. అన్నిటికన్నా చవకైనది అదే, ఇల్లు చేరేదాకా పనికొచ్చేదీ అదే.