క్రీటు ద్వీప యాత్ర



గ్రీకుదేశమునకు దక్షిణముగా మధ్యధరాసముద్రమున క్రీటు అను నొక పెద్ద ద్వీపము కలదు. తూర్పుపడమరలుగా దాని పొడవు సుమారు 160 మైళ్లు. వెడల్పు మిక్కిలి హెచ్చైనచోట 37 మైళ్లు, మిక్కిలి తక్కువైనచోట ఎనిమిది మైళ్లకు లోపు. జనసంఖ్య ఆఱులక్షలకు మించినది. గ్రీకుదేశమునకు చెందిన దీవులలో నిదియే పెద్దది. ఇంత దూరపు దీవితో మనకేమి పని యని మీరడుగవచ్చును. అలెగ్జాండరు మనదేశముపై దండెత్తివచ్చి మరలిపోవునప్పుడు, క్రీ. పూ. 325లో, సింధునదీముఖమునుండి పారసీక సముద్రశాఖవఱకు నావలను నడపించుకొనిపోయిన నియార్కసు పుట్టుకచేత క్రీటువాడు. ఈ సంగతి ముప్పది యేండ్లు పిల్లలకు పాఠము చెప్పితినే కాని, క్రీటు ఎక్కడనున్నదని యే బాలుడైన నడిగిన పటమున వ్రేలు పెట్టి చూపగలిగియుందునా యనునది సందేహమే.

జర్మనీలో నుద్యోగము చేయుచున్న మా అమ్మాయి మొన్నటి జ్యేష్ఠమాసమున నన్నక్కడకు పిలుచుకొనిపోయినది. ఆ దేశములవారు క్రీటునకు పోవుట సముద్రస్నానమునకును, ఇసుకలో ఎండ కాచుకొనుటకును అని వినియుంటిని. పంచెకట్టు ముసలివానికి అక్కడ నేమి వినోదమని సంశయించుచునే బయలుదేరితిని. ఏథెన్సు నగరపు రేవైన పిరేయసులో రాత్రి ఓడ యెక్కినచో తెల్లవారుసరికి క్రీటు ముఖ్యపట్టణమైన హెరాక్లియోనునకు చేరవచ్చును. విమానమున నైన గంటలోపే. మేము ఓడలోనే పోయితిమి. ఉదయమున సముద్రముమీదికి లేచి కనబడు కొండలను చూచినప్పుడు, ఇది దీవికాదు, నీట మునిగిన పర్వతపంక్తి శిఖరమని తోచినది. వానిలో ఇదా పర్వతము ఎత్తు 8,000 అడుగులకు మించును.

పట్టణమునకు మూడు మైళ్ల దూరమున క్నోస్సోసు అను శిథిలనగర మున్నది. క్రీ. పూ. 1900 ప్రాంతమున నిచ్చట గొప్ప రాజభవనము కట్టిరి. అది కూలగా మరల మఱింత పెద్దదిగా కట్టిరి. 1878లో మీనోసు కలొకైరినోసు అను ఆ యూరి వర్తకుడే మొదట నిచ్చట త్రవ్వి పెద్ద బానలను వెలికి దీసెను. కాని కీర్తి యంతయు 1900లో త్రవ్వకము లారంభించిన ఆర్థరు ఎవన్సు అను ఆంగ్లేయునకు దక్కినది. మనిషి నిలువెత్తునకు మించిన ఆ బానలు నేటికిని వరుసగా నున్నవి. నూనె, ధాన్యము వానిలో నిలువజేసెడివారు. మన గాదెలు, పాతరలు చూచిన కన్నులకు వాని యుపయోగ మెవరును చెప్పనక్కఱలేదు. నాకు మఱింత వింతగొలిపినవి మట్టిగొట్టములు. ఒక కొన సన్నముగను, ఒక కొన వెడల్పుగను చేసి, ఒకదానిలో నొకటి దూర్చి, నేలక్రింద నీరు పాఱించిరి. మూడున్నరవేల యేండ్లనాటి కుమ్మరి చేసిన పని యది.

ఒక్క లోపము చెప్పక తప్పదు. ఎవన్సు తాను త్రవ్వినదానిని త్రవ్వినట్లుంచక, ఇనుము, కాంక్రీటు కూర్చి స్తంభములు నిలిపి, పైయంతస్తులు లేపి, ఎఱ్ఱరంగు పూయించెను. గోడలమీది చిత్తరువులు నకళ్లు. అసలు ముక్కలు హెరాక్లియోను ప్రదర్శనశాలలో నున్నవి. అచ్చటికి పోయి చూచినచో అరచేయంత ముక్క యసలుది, దానిచుట్టు బారెడు కొత్తది యని తెలియును. కొన్ని బొమ్మలందు వేర్వేఱు మనుష్యుల ముక్కలు కలిపి యొకనిగా చేసిరని పండితులే యందురు. తాటాకు ప్రతిలో చెదతిన్న యక్షరములను పరిష్కర్త తన యూహతో పూరించునప్పుడు గుర్తు పెట్టవలెనని మా గురువులు చెప్పెడివారు. ఎవన్సునకు ఆ గురువులు లేకపోయిరి. అయినను ఆయన యా కట్టడములు లేపకున్నచో నావంటివానికి అది వట్టి ఱాళ్లగుట్టయే యనుటయు నిజమే. 2025 జూలైలో క్నోస్సోసుతోకూడ ఆఱు పురాతనస్థలములను ప్రపంచ వారసత్వసంపదలో చేర్చిరి.

ఇక్కడ దొరకిన వానిలో మిక్కిలి విలువైనవి మట్టిపలకలు. వానిపై రెండు విధముల లిపులున్నవి. మొదటిది నేటికిని ఎవరికిని కొఱుకుడుపడలేదు, మన సింధులోయ ముద్రలవలెనే. రెండవదానిని మైకేలు వెంట్రిసు అను నతడు చదివెను. అతడు భాషాపండితుడు కాడు. ఇండ్లు కట్టించు శిల్పి. పదునాలుగేండ్ల బాలుడుగా నున్నప్పుడు వృద్ధుడైన ఎవన్సు మాట లండనులో విని, ఆ లిపిని విప్పవలెనని మనసున పెట్టుకొని, 1952లో అది గ్రీకుభాషయే యని కనుగొని లోకమునకు రేడియోలో చెప్పెను. ఈ పెట్టెముందు కూర్చుండిన మనకు ఆ సంగతి తెలియుట యుచితము. పాపము, 1956లో ముప్పదినాలుగేండ్లకే మోటారు ప్రమాదమున మరణించెను.

ఇంత శ్రమపడి చదివిన ఆ పలకలలో నేమున్నది? కావ్యములు లేవు, స్తోత్రములు లేవు. ఇన్ని గొఱ్ఱెలు, ఇంత ఉన్ని, ఇంత నూనె, ఫలానివాడు ఇంత బాకీ అని కరణపు లెక్కలు! గొఱ్ఱెలే సుమారు లక్ష. ఆ లెక్కలను పచ్చిమట్టిపై గీసి ఎండబెట్టెడివారు, కాల్చుట లేదు. నీరు తగిలిన కరగిపోవలసినవే. అయితే భవనము తగులబడినప్పుడు ఆ మంటలో అవి కాలి యిటుకలైనవి. ఇల్లు కాల్చిన నిప్పే లెక్కను కాపాడినది.

క్నోస్సోసునకు దక్షిణముగా కొండలు దాటి మెస్సరా మైదానమున గోర్తీను అను పాడుపట్టణ మున్నది. చూచుటకు జనులు తక్కువ. నేను మాత్రము అచ్చటనే యెక్కువసేపు నిలిచితిని. రోమకులు కట్టిన సంగీతశాల వెనుకగోడలో పండ్రెండు వరుసలుగా, సుమారు ఆఱునూఱు పంక్తుల శాసనము చెక్కబడియున్నది. క్రీ. పూ. అయిదవ శతాబ్దమునాటి ధర్మశాస్త్ర మది. 1884లో మరకాలువ నీరు తీసినప్పుడు గోడలో అక్షరములు కనబడగా ఫెడెరీకో హాల్బెరు అను ఇటలీ పండితుడు దానిని బయటపెట్టెను. వ్రాత తీరు విచిత్రము. ఒక పంక్తి కుడినుండి యెడమకు, తరువాతి పంక్తి యెడమనుండి కుడికి. చేను చివరకు పోయి నాగలి మరలించుకొని వచ్చు ఎద్దు నడకవలె నుండుటచే గ్రీకులు దానికి ఆ ఎద్దు పేరే పెట్టిరి.

అందు చెప్పినది దాయభాగము. తండ్రి పోయినపిదప పట్టణపు ఇల్లును, గొఱ్ఱెలు మొదలగు పశువులును కొడుకులకు. మిగిలిన సొత్తులో కొడుకునకు రెండు పాళ్లు, కూతునకు ఒక పాలు. తల్లి సొత్తునకును ఇదే పద్ధతి. భార్య సొత్తును భర్త యమ్మరాదు. తల్లి సొత్తును కొడుకు అమ్మరాదు. భార్యాభర్తలు విడిపోయినచో ఆమె తెచ్చినది ఆమెదే. ఆమె నేసిన బట్టలో సగము ఆమెదే. అన్నదమ్ములు లేని కూతును తండ్రి తోబుట్టువులలో నొకడు పెండ్లాడవలెనని కట్టడి కలదు. ఆమెకు సమ్మతి లేకున్నచో కొంత సొత్తు విడిచి వేఱొకని వరింపవచ్చును. దోషములు లేవని కాదు. బానిసపై నేరము చేసినచో శిక్ష వేఱు, స్వతంత్రునిపై చేసినచో శిక్ష వేఱు. మన యాజ్ఞవల్క్యుడును అన్నదమ్ములు తమ పాలులో నాలుగవవంతు చొప్పున నిచ్చి చెల్లెండ్రకు వివాహము చేయవలెననెను. కాని అది మన యిండ్లలో పుస్తకమునందే నిలిచినది. గోర్తీనువారు ఱాతిపై చెక్కి నడిబజారున నిలిపిరి.

నేను పంక్తులు చూపుచు ఈ యర్థమంతయు మా అమ్మాయికి వివరించుచుండగా, ఆమె యంతయు విని, "నాన్నగారూ, మన యింట నా పాలెంత?" అని నవ్వుచునే యడిగినది. నాకు మాట రాలేదు. నాకున్న నాలుగెకరములను ఇద్దఱు కొడుకులకు పంచుచు వ్రాయించిన చిత్తుప్రతి అప్పటికే నా పెట్టెలో నున్నది. ఆమె పేరు అందులో లేదు. ఉద్యోగముగల పిల్ల, అడుగదు గదా యని వ్రాయలేదు. మన రాష్ట్రమున 1986లో చేసిన చట్టమును, దేశమంతటికిని 2005లో చేసిన చట్టమును ఉమ్మడి సొత్తున కూతునకు కొడుకుతో సమాన భాగ మిచ్చినవని నే నెఱుగనివాడను కాను. ఎఱిగియు, మా యూరి పంపకములలో పెద్దమనిషిగా కూర్చుండి, పసుపుకుంకుమల క్రింద కొంత సొమ్ము చేతబెట్టించి, ఆడపడుచులచేత హక్కు విడుదల పత్రములపై వ్రాలు చేయించితిని. ఒక్కసారి కాదు. ఇంటికి వచ్చినపిదప మొదట చేసిన పని ఆ చిత్తు చింపుట. కొడుకులలో నొకడు సరేయన్నాడు. ఒకడు ఇంకను మాటాడుట లేదు.

గోర్తీను తరువాతి చరిత్ర క్లుప్తముగా చెప్పెదను. క్రీ. పూ. 67లో రోమకులు, పిమ్మట కాన్‌స్టాంటినోపిలు చక్రవర్తులు, తొమ్మిదవ శతాబ్దమున అరబ్బులు, 961లో మరల చక్రవర్తులు, పదుమూడవ శతాబ్దమున వెనీసు వర్తకులు ఆ దీవి నేలిరి. 1648 మొదలు 1669 వఱకు ఇరువదియొక్క యేండ్లు తురుష్కులు హెరాక్లియోను కోటను ముట్టడించి గెలిచిరి. వారు 1898లో తొలగిరి. 1913లో దీవి గ్రీకుదేశమున కలసెను. 1941 మే 20వ తేదీన జర్మను సైనికులు ఆకాశమునుండి గొడుగులతో దిగగా పల్లెలలోని వృద్ధులు, స్త్రీలు సైతము చేతికందిన పనిముట్లతో నెదిరించిరి. దానికి ప్రతీకారముగా జూను 3న కందానోసు అను గ్రామమును నేలమట్టము చేసిరి. ఆ యుద్ధమునాటి జర్మను శ్మశానము మలేమె అనుచోట నున్నది. దానికి కాపరిగా పనిచేసినవాడు, ఆ జర్మనులకు విరోధముగా కొండలవెంట పరుగెత్తి రహస్యవార్తలు చేరవేసిన ప్సిఖుందాకిసు. బడిచదువు కొలదిగా చదివిన గొఱ్ఱెలకాపరి యతడు. తన కథ తానే వ్రాసుకొని, హోమరు మహాకవి కావ్యములు రెండింటిని క్రీటు పల్లెభాషలోనికి పద్యములుగా మార్చి, ఏథెన్సు పండితపరిషత్తుచే సన్మాన మందెను. పెద్దచదువులు చదివిన మా పంతుళ్లలో నెందఱము అంతపని చేసితిమి!

ఇక ప్రకృతి. పడమటి కొండలలో సమరియా అను లోయ కలదు. నాలుగువేల యడుగుల యెత్తున మొదలిడి దక్షిణ సముద్రమువఱకు పది మైళ్లు దిగుటయే. ఒకచోట రెండువైపుల వేయి యడుగుల కొండలు లేచి, నడుమ పండ్రెండడుగుల దారి మాత్రమే విడిచినవి. దానిని ఇనుపద్వారములందురు. అడవిమేకలు ఆ కొండలలో నుండును. 1962లో దానిని రక్షితవనము చేసి, లోపలి గ్రామమును ఖాళీ చేయించిరి. శూన్యమైన యిండ్లు నేటికి నున్నవి. పిల్లలు పైనుండి దిగిరి. నేను సముద్రపు వైపునుండి పడవలో పోయి, క్రిందనుండి ఇనుపద్వారములవఱకు నడచి వచ్చితిని. మోకాళ్లు నొచ్చువారికి అదియే మార్గము.

తూర్పుకొనను వయి అను నిసుకతీరమున వేలకొలది ఖర్జూరజాతి చెట్లున్నవి. మన యీతచెట్టునకు దాయాది యది. పండు మాత్రము తిన బనికిరాదు. పడమటికొన ఎలఫొనీసిలో ఇసుక కొంత గులాబివన్నెగా నుండును. సూక్ష్మమైన సముద్రజీవుల గుల్లల పొడి కలియుటచే ఆ రంగు. రెథిమ్నో తీరమున నే చూచినది వేఱు. అక్కడ జూను మొదలు ఆగస్టు వఱకు సముద్రపు తాబేళ్లు ఇసుకలో గ్రుడ్లు పెట్టును. రెండు నెలలలోపున పిల్లలు పుట్టి, రాత్రి నీటిమీది వెలుతురు చూచి సముద్రమునకు ప్రాకును. ఇప్పుడు ఒడ్డున బారులు తీర్చిన విడిదిగృహముల దీపములు అంతకంటె వెలుగుటచే పిల్లలు వెనుకకు తిరిగి బాటలలో చచ్చును. గ్రుడ్లున్న చోట్ల చిన్న పంజరములు గ్రుచ్చి, కొందఱు స్వచ్ఛందముగా కాపలా కాయుదురు. శ్రీకాకుళమునుండి నెల్లూరువఱకు మన తీరమునకును మాఘఫాల్గుణములలో తాబేళ్లు వచ్చుచునే యున్నవి గదా. మన రేవుగ్రామములలో నున్న పెద్దలు ఆ నెలలలో ఒడ్డు దీపము లార్పించినచో చాలును.

ఆనో వూవెసు అను పల్లెలో నొక ఆలివుచెట్టు కలదు. రెండువేల యేండ్లకు తక్కువ కాదందురు. మూడువేలనువారును కలరు. నడుమ తొఱ్ఱబోవుటచే లెక్కించుటకు వలయములు లేవు. నేటికిని కాయలు కాయుచున్నది. 2004లో ఏథెన్సులో జరిగిన పందెములందు గెలిచినవారి తలలపై పెట్టిన ఆకుమాలలకు దీని కొమ్మలను గూడ కొనిపోయిరి.

పోదలచినవారికి భోజనము సంగతి. శాకాహారి కేమియు భయము లేదు. ఆకుకూరలు ఉడికించి ఆలివునూనె, నిమ్మరసము పోసి పెట్టుదురు. దానిని హోర్తా యందురు. చిక్కుడు, శనగ జాతుల వంటలు, ఎండిన యవలరొట్టె, గడ్డపెరుగు, తేనె ఎల్లెడల దొరకును. వారి మతమున ఉపవాసదినములు చాల కలవు. కనుక నిస్తీసిమ, అనగా ఉపవాసపు వంట, యని యడిగినచో మాంసము, పాలు, గ్రుడ్లు లేనివి తెత్తురు. నత్తలు, గుల్లలు మాత్రము ఆ లెక్కలో చెల్లునని వారి యభిప్రాయము. అందుచే వడ్డించకముందే యడుగుడు. ఎండ తీవ్రము, జూలై, ఆగస్టులు మానుకొని మే, జూను నెలలలో గాని సెప్టెంబరులో గాని పోవుడు. లోయలో నడచుటకు గట్టి చెప్పులు కావలెను. గోర్తీనునకు ఉదయమే పోయినచో గోడమీద వెలుతురు ఏటవాలుగా పడి అక్షరములు చక్కగా కనబడును.