బొగ్గులారీల తూకము

గత వర్షాకాలమున మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలిక తండ్రి రెండు కాటా చీట్లు చేతబట్టుకొని మాయొద్దకు వచ్చెను. ఆయన సింగరేణి గనులనుండి ఒక కర్మాగారమునకు బొగ్గు చేరవేయు లారీ డ్రైవరు. “మాస్టరుగారూ, దారిలో నేనెక్కడను బండి నిలుపలేదు. అయినను మూడువందల కిలోలు తక్కువ వచ్చినదని నా జీతములో కోసినారు. సొమ్ము పోయిన పోనిండు. దొంగ యను పేరు మోయలేను. ఈ లెక్క చూడుడు” అని ఆయన మమ్ము వేడెను.

బొగ్గును విడిగా తూచుట సాధ్యము కాదు గనుక లారీనే రెండుమారులు తూచుదురు. గనియొద్ద మొదట ఖాళీ లారీని, పిదప నిండు లారీని తూచుదురు. కర్మాగారమున మొదట నిండు లారీని, బొగ్గు దింపిన పిమ్మట ఖాళీ లారీని తూచుదురు. నిండు బరువునుండి ఖాళీ బరువు తీసివేసిన మిగులునది బొగ్గు బరువు. గని చీటిలో నిండు బరువు 28,460 కిలోలు, ఖాళీ బరువు 10,240. కావున బొగ్గు 18,220 కిలోలు. కర్మాగారపు చీటిలో నిండు బరువు 28,440, ఖాళీ బరువు 10,520. కావున బొగ్గు 17,920 కిలోలు. తేడా సరిగా 300 కిలోలు.

మేము ఈ అంకెలను ఎవరివో చెప్పక తరగతిలో నల్లబల్లపై వ్రాసితిమి. కొంతసేపటికి ఒక విద్యార్థి లేచి, “ఖాళీ లారీ దారిలో 280 కిలోలు ఎట్లు బరువెక్కినది?” అని యడిగెను. అదియే కీలకము. ప్రయాణములో డీజిలు కాలును గనుక లారీ బరువు కొంచెము తగ్గవలయునే గాని పెరుగరాదు. నిండు బరువు 20 కిలోలు తగ్గినది గనుక ఖాళీ బరువును అంతే తగ్గి 10,220 కావలయును. పుస్తకములో 2 బదులు 5 పడినది. అట్లు దిద్దిన బొగ్గు 18,220 కిలోలే యగును. మేము కర్మాగారమువారికి ఈ సంగతి వ్రాయగా వారు విచారించి సొమ్ము తిరిగి యిచ్చిరి. ఆ గుమాస్తా మోసగాడు కాడు. రాత్రియంతయు మేల్కొని, ఒక్కొక్క లారీ నంబరును బరువును చూచి చేతితో వ్రాయుచు, తెల్లవారుజామున అలసినవాడు.

తరువాత ఆ కర్మాగారమున మనుష్యుని చేతివ్రాతతో పనిలేని కాటాను ఏర్పరచిరి. మేము విద్యార్థులను తోడ్కొనిపోయి దానిని చూచితిమి. అది పనిచేయు విధమును ఇచట వివరించెదము.

లారీ ముందరి అద్దమునకు ఒక చిన్న పట్టీ అంటించబడి యుండును. జాతీయ రహదారుల టోల్‌గేట్లయొద్ద 2021 ఫిబ్రవరి నుండి తప్పనిసరి చేయబడిన ఫాస్టాగ్ ఈ జాతిదే. దీనిలో బ్యాటరీ లేదు. ఆవగింజకన్న చిన్నదగు చిప్పును, పలుచని లోహపు ఆంటెన్నాయు మాత్రమే యుండును. కాటాయొద్దనున్న యంత్రము సుమారు 865 మెగాహెర్ట్జుల రేడియో తరంగములను పంపగా, ఆ తరంగములనుండియే పట్టీ శక్తిని గ్రహించి తన సంఖ్యను తిరిగి తెలుపును. అంతట గేటు లేచి లారీ కాటాపైకి పోవును.

కాటా పలకక్రింద ఉక్కు దిమ్మెలు కలవు. బరువు పడినపుడు దిమ్మె కంటికి కానరానంత కొద్దిగా వంగును. దానికి అతికించిన సన్నని లోహపు తీగ సాగి, పొడవు పెరిగి, సన్నబడును. దాని విద్యున్నిరోధము హెచ్చును. ఈ సూక్ష్మభేదమును కొలుచునది మన భౌతికశాస్త్ర తరగతిలో నేర్చు వీట్‌స్టన్ బ్రిడ్జియే. దీనిని 1833లో క్రిస్టీ కనుగొనెను. 1843లో వీట్‌స్టన్ ప్రసిద్ధిచేసెను. అట్లు అతికించు తీగను 1938లో అమెరికాలో సిమన్సు, రూజ్ అను నిరువురు వేరువేరుగా కనిపెట్టిరి.

కొందరు ఒక చక్రమును పలక వెలుపల నిలిపి బరువు తగ్గింపజూతురు. దీనిని పట్టుటకు పలక యిరుకొనల కంటికి కానరాని కిరణములు అడ్డముగా పోవుచుండును. లారీ వానిని అడ్డగించినచో తూకము సాగదు. పట్టీని ఊడదీసి వేరొక లారీకి అంటింపకుండ, ఊడదీయగానే చినుగునట్లు దానిని చేయుదురు. కెమెరా నంబరుపలకను ఫొటో తీసి సంఖ్యతో సరిచూచును. బరువు నేరుగా కంప్యూటరులో చేరును, చీటి అచ్చగును. నడుమ కలముతో వ్రాయువారు లేరు.

అయినను యంత్రమునకు సర్వమును తెలియునని యనుకొనరాదు. పలకక్రింద బురదయు రాళ్లును చేరిన తూకము తప్పును. కావుననే 2009 సంవత్సరపు చట్టము ననుసరించి తూనికలు కొలతల శాఖవారు ప్రామాణికమగు బరువులతో కాటాను పరీక్షించి ముద్రవేయుదురు. వానకు తడిసిన బొగ్గు బరువెక్కును, కాని దాని వేడిమి పెరుగదు. బొగ్గులోని రాయి యెంతయో కాటాకు తెలియదు. అందులకు మచ్చుతీసి ప్రయోగశాలలో పరీక్షింపవలయును.

తల్లిదండ్రులారా, ఇట్టి కాటా యజమాని బొగ్గును కాపాడుటకే యని తలపవలదు. అది డ్రైవరు మంచిపేరునకును సాక్షి. లారీ నడుపువారు రెండు చీట్లను భద్రపరచుకొనవలెను. విద్యార్థులారా, వానిలోని నాలుగు సంఖ్యలను మీరు ఇంట కూర్చుండి సరిచూడుడు. కాటా చెప్పిన సంఖ్య నమ్మదగినదో కాదో విచారించుటకు మీరు నేర్చిన తీసివేత చాలును. ఆ డ్రైవరు కుమార్తె ఇప్పుడు ప్రతి శనివారము తండ్రి చీట్లను ఒక పుస్తకములో ఎక్కించుచున్నది.