ఆదివారం పూట జొన్నట్లు – చేసే విధానం, దాని వెనుక సంగతులు

హాస్టల్లో ఉన్నన్నాళ్ళు పొద్దున గంట కొట్టగానే ప్లేటు పట్టుకొని వరుసలో నిలబడితే టిఫిను వచ్చేది. ఉప్మాలో ఉండలు ఉన్నాయనీ, పులిహోరలో పులుపు లేదనీ మాట్లాడుకోవడమే మన పని. పి.జి.కో, కోచింగుకో, ఉద్యోగానికో పట్నం వెళ్ళి రూము తీసుకున్నాక ఆ గంట కొట్టేవాళ్ళు ఉండరు. హైదరాబాదులో అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాల్లో పోటీ పరీక్షలకు చదివే మిత్రుల రూములకు ఆదివారం వెళ్తే ఈ విషయం తెలుస్తుంది. తొమ్మిదింటికి లేచి టీ తాగుతారు, బట్టలు ఉతుక్కుంటారు, పదకొండు దాటాక “ఇక ఒకేసారి తిందాంలే” అంటారు. టిఫిను, భోజనం కలిపి తినే ఈ పద్ధతికి ఇంగ్లీషువాళ్ళు బ్రంచ్ అని పేరు పెట్టుకున్నారు. మనకు ఆ పేరు లేకపోయినా అలవాటు మాత్రం ఉంది.

ఒకేసారి తినడంలో పెద్ద తప్పు లేదు. కానీ ఆ ఒక్కసారి తినేది రెండు సమోసాలో, ఒక బన్నో అయితే రెండింటికల్లా కడుపు మళ్ళీ ఖాళీ అవుతుంది. పుస్తకం ముందు కూర్చున్నా అక్షరం ఎక్కదు. అందుకని ఒక స్టవ్వు, ఒక పెనం ఉన్న ఏ రూములోనైనా ముగ్గురికి సరిపోయేలా మందపాటి జొన్నట్లు ఎలా పోసుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. తమ్ముళ్ళు ఇది చెల్లెళ్ళ పని అనుకొని పేజీ తిప్పవద్దని మనవి.

జొన్నలే ఎందుకు?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో మాంసకృత్తులు దాదాపు 10 గ్రాములు, పీచు కూడా దాదాపు 10 గ్రాములు ఉంటాయి. పాలిష్ బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాములకు దగ్గరగా, పీచు 3 గ్రాముల లోపు ఉంటాయి. ఇనుము కూడా బియ్యంలో కంటే జొన్నల్లో చాలా ఎక్కువ. పీచు ఎక్కువగా ఉన్న తిండి నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి ఆకలి త్వరగా వేయదు. పొలం పనికి పోయే మన తాతలు జొన్నరొట్టె తిని మధ్యాహ్నం దాకా నిలబడగలిగింది ఇందువల్లే.

కావలసినవి (ముగ్గురికి)

జొన్నపిండి 2 గ్లాసులు, బొంబాయి రవ్వ అర గ్లాసు, ఉడుకు నీళ్ళు 1 గ్లాసు, పుల్లటి మజ్జిగ ఒకటిన్నర గ్లాసు, కోడిగుడ్లు 2, ఉల్లిగడ్డలు 2, పచ్చిమిర్చి 3, చిన్న అల్లం ముక్క, జీలకర్ర, కొత్తిమీర, తగినంత ఉప్పు, చిటికెడు తినే సోడా, నూనె. గ్లాసంటే నీళ్ళు తాగే మామూలు స్టీలు గ్లాసు. అన్నీ ఒకే గ్లాసుతో కొలవాలి. గుడ్డు తిననివాళ్ళు దాని బదులు మూడు చెంచాల శనగపిండి కలుపుకోవచ్చు.

చేసే విధానం

మొదట జొన్నపిండిని గిన్నెలో వేసి, మరుగుతున్న నీళ్ళు పోస్తూ గరిటెతో కలపాలి. చెయ్యి పెట్టకూడదు, కాలుతుంది. రొట్టె చేసేటప్పుడు మన అమ్మలు పిండిలో ఉడుకు నీళ్ళు పోయడం చాలామంది చూసే ఉంటారు. దీనికి కారణం ఉంది. గోధుమపిండిని తడిపి పిసికితే గ్లూటెన్ అనే సాగే పదార్థం ఏర్పడుతుంది. అందుకే చపాతీ విరగకుండా సాగుతుంది. జొన్నలో గ్లూటెన్ లేదు. ఉడుకు నీళ్ళు తగిలినప్పుడు పిండిలోని స్టార్చ్ ఉబ్బి జిగురుగా మారుతుంది. జొన్నపిండిని పట్టి ఉంచేది ఈ జిగురే. చన్నీళ్ళతో కలిపిన జొన్నట్టు తిప్పేటప్పుడు ముక్కలయ్యేది ఈ జిగురు లేకనే.

పది నిమిషాలు చల్లారనిచ్చి రవ్వ, మజ్జిగ, ఉప్పు కలిపి అరగంట పక్కన పెట్టాలి. ఈలోగా రవ్వ నానుతుంది, ఉల్లిగడ్డలు తరగడం కూడా అయిపోతుంది. తర్వాత గుడ్లు కొట్టి కలపాలి. పిండి వేడిగా ఉన్నప్పుడే గుడ్డు వేస్తే అది గిన్నెలోనే ఉడికి తరకలు కడుతుంది. చల్లారాక కలిపితే పెనం మీద అట్టుతోపాటు గట్టిపడి దాన్ని విరగకుండా ఉంచుతుంది. తరుగులన్నీ వేశాక పిండి ఊతప్పం పిండిలా జారుగా ఉండాలి. గట్టిగా అనిపిస్తే కొంచెం మజ్జిగ పోయాలి.

తినే సోడా చివర్లో, పెనం వేడెక్కాక కలపాలి. సోడా మజ్జిగలోని పులుపుతో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుడతాయి. అట్టు గుల్లగా రావడానికి కారణం అవే. ముందే కలిపితే ఆ వాయువు పోతుంది. ఎక్కువ వేస్తే అట్టు సబ్బు వాసన వస్తుంది కాబట్టి చిటికెడు దాటవద్దు.

పెనం మీద నాలుగు నీటి చుక్కలు చల్లితే అవి చిందులు వేస్తూ ఆరిపోవాలి. అప్పుడు సగం కోసిన ఉల్లిగడ్డను నూనెలో ముంచి పెనమంతా రుద్ది, ఒక గరిటె పిండి పోసి కొద్దిగా పరచాలి. పలుచగా లాగవద్దు. చుట్టూ చెంచాడు నూనె వేసి, మంట తగ్గించి, మూత పెట్టాలి. మూత కింద నిలిచిన ఆవిరితో పైభాగం కూడా ఉడుకుతుంది. మూడు నాలుగు నిమిషాలకు అంచులు వాటంతట అవే లేస్తాయి. అప్పుడు తిప్పి మరో రెండు నిమిషాలు కాల్చాలి. అంచులు లేవకముందే అట్లకాడ పెట్టి గుంజితే అట్టు విరుగుతుంది. ఈ కొలతకు ఎనిమిది తొమ్మిది అట్లు వస్తాయి.

దేనితో తినాలి?

పల్లి చట్నీ, టమాట పచ్చడి, నువ్వుల పొడి ఏదైనా బాగుంటుంది. అయితే పక్కన నిమ్మకాయ చెక్కో, టమాటనో, ఉసిరికాయనో ఉండడం మంచిది. ధాన్యాల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిన్ సాయం చేస్తుంది. టీ దీనికి అడ్డు తగులుతుంది. కనుక టీ అట్లతోపాటు కాక గంట తర్వాత తాగాలి. రక్తహీనత ఉన్న చెల్లెళ్ళు ఈ మాట ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి.

జొన్నపిండి ఒకేసారి ఎక్కువ కొనవద్దు. అందులోని కొవ్వు వల్ల నిల్వ ఉన్నకొద్దీ చేదెక్కుతుంది. నెలకు సరిపడా పట్టించుకుంటే చాలు.

ఓట్స్‌తో చేయాలంటే

ఉద్యోగాల మీద దూరం వెళ్ళిన పూర్వ విద్యార్థులకు జొన్నపిండి దొరకకపోవచ్చు. అక్కడ ఓట్స్ పొడి చేసుకొని రెండు గ్లాసులు కొలుచుకోవచ్చు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంది. అది తడి తగలగానే తనంతట తానే జిగురవుతుంది కాబట్టి ఉడుకు నీళ్ళు అవసరం లేదు, మామూలు నీళ్ళు చాలు. పది నిమిషాలకు గట్టిపడితే మజ్జిగ పోసి సరిచేసుకోవాలి. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో ఓట్స్ పిండిని పులియబెట్టి పోసే అట్టు ఒకటుంది. అక్కడ పింగాణీ పాత్రల పరిశ్రమలో పనిచేసిన కార్మికుల తిండిగా దానికి పేరు. ఏ దేశంలోనైనా కష్టం చేసేవాళ్ళు తమ నేలలో పండే ముతక ధాన్యంతోనే అట్లు పోసుకున్నారు.

చివరగా ఒక మాట

జొన్న తినడం పేదతనానికి గుర్తు అని మనలో చాలామంది ఇళ్ళలో ఇప్పటికీ అనుకుంటారు. అందులో నిజం లేకపోలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చేదాకా మన వాడల్లో ఎన్నో ఇళ్ళకు వరి అన్నం పండుగనాటి తిండి. ఆ తెల్లన్నం వాళ్ళకు కడుపు నింపడమే కాదు, గౌరవం కూడా ఇచ్చింది. అందుకే చుట్టం వస్తే జొన్నరొట్టె పెట్టడానికి అమ్మ ఇప్పటికీ మొహమాటపడుతుంది. ఇక 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే జొన్న ఈరోజు పెద్ద దుకాణాల్లో అందమైన ప్యాకెట్లలో ఎక్కువ ధరకు అమ్ముడుపోతోంది. గింజ మారలేదు, తినేవాళ్ళను బట్టి దాని విలువ మారింది. కాబట్టి రూములో జొన్నట్టు పోసేటప్పుడు పక్క రూమువాళ్ళు తలుపు తడితే దాచవలసిన పనిలేదు. ఇంకో గరిటె పిండి పోసి వాళ్ళనూ కూర్చోబెట్టండి. పెనం దగ్గర నిలబడే పని మాత్రం వారానికొకరు వంతులవారీగా పంచుకోండి.